వైకల్పిక గణాలు, విలువల గ్రహణం: పుష్పికలలోని కాలసూచనలు ఉదాహరణగా

తాళపత్ర గ్రంథాల చివర లేఖకులు వ్రాసిన పుష్పికలలో కాలసూచన ఒకే తీరున ఉండదన్న సంగతి పాఠపరిష్కరణతో పరిచయమున్న అధ్యాపకులకు విదితమే. ఒక లేఖకుడు శకవర్షం మొదలుకొని వారం వరకు అన్ని అంగాలనూ వ్రాస్తాడు. మరొకడు శకవర్షాన్ని విడిచి సంవత్సర నామంతో ఆరంభిస్తాడు. ఇంకొకడు తిథితో ముగించి వారం పేర్కొనడు. ఒక్కొక్కచోట వారం పేర్కొన్నా, ఆ పేరున్న భాగం పురుగు తిని పోయి, ‘వారం’ అన్న మాట మాత్రమే మిగులుతుంది. మానవ పాఠకునికి ఈ భేదాలు కష్టమైనవి కావు. అయితే నేడు గ్రంథసూచికలు కంప్యూటరులో నిక్షిప్తమవుతున్నవి. వేలకొలది పుష్పికల నుండి శకవర్షాన్ని ఒక గడిలోనికి, వారాన్ని మరొక గడిలోనికి యంత్రంచేత తీయించవలసిన అవసరం పరిశోధకులకు కలుగుతున్నది. ఈ పనికి వాడే సాధనం రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్. ఉండవచ్చును, ఉండకపోవచ్చును అనదగిన అంగాలను ఆ సాధనానికి చెప్పే పద్ధతి ఈ వ్యాసానికి విషయం.

విషయం స్వల్పంగా తోచవచ్చును. నిజానికి ఒక్క ప్రశ్నార్థక చిహ్నం ఎక్కడ ఉన్నదన్న దానిమీద ఒక గ్రంథం కాలం అయిదు వందల ఏండ్లు అటూ ఇటూ అయ్యే అవకాశమున్నది. ఆ విధం క్రింద చూపబడుతున్నది.

రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అనగా పద రూపాలను వర్ణించే సూత్రం. ఇక్కడ దీనిని ‘నమూనా’ అని వ్యవహరిద్దాము. దీని మూలం గణితంలో ఉన్నది. అమెరికా తర్కశాస్త్రవేత్త స్టీఫెన్ కోల్ క్లీనీ 1951లో ఒక నివేదికగా వ్రాసి, 1956లో ముద్రితమైన పత్రంలో ఈ భావనను ప్రతిపాదించినాడు. ఒకదాని తరువాత ఒకటి రావడం, రెండింటిలో ఏదో ఒకటి రావడం, ఒకటే మరల మరల రావడం అనే మూడు వ్యాపారాలతోనే ఆయన సిద్ధాంతం నడుస్తుంది. వికల్పానికి వేరే చిహ్నం ఆయనకు అవసరం లేదు. ‘ఇది గాని, శూన్యం గాని’ అన్నచో సరిపోతుంది. ఈ సిద్ధాంతాన్ని పాఠాలలో వెదకడానికి అనువుగా యంత్రానికి ఎక్కించే పద్ధతిని కెన్ థాంప్సన్ 1968లో ప్రకటించినాడు. 1987లో లారీ వాల్ రూపొందించిన పెర్ల్ భాష దీనికి విస్తృత ప్రచారం కల్పించినది. నేడు పైథాన్, జావాస్క్రిప్ట్ మొదలైన ప్రోగ్రామింగ్ భాషలన్నింటిలోనూ ఇది కొద్ది భేదాలతో లభిస్తుంది.

చిహ్నాలను గురించి రెండు మాటలు. [0-9]+ అనగా ఒకటి గాని అంతకు మించి గాని అంకెలు. తెలుగు అంకెలు కూడ ఉన్న పాఠమైనచో [0-9౦-౯]+ అని వ్రాయవలెను. [^ ]+ అనగా ఖాళీ కాని వర్ణాల సముదాయం, అంటే ఒక మాట. నిలువు గీత | ‘లేక’ అన్న అర్థాన్ని ఇస్తుంది. ^ పంక్తి ఆదిని, $ పంక్తి అంతాన్ని సూచిస్తాయి. కుండలీకరణాలు ( ) రెండు పనులు చేస్తాయి: లోపలి దానిని ఒక గణంగా కూర్చడం ఒకటి, ఆ గణానికి సరిపోయిన పాఠభాగాన్ని పట్టి ఉంచడం రెండవది. ఈ రెండవ పనిని గ్రహణం అనవచ్చును. కూర్పు మాత్రమే కావలెను, గ్రహణం వద్దు అనుకొన్నచో (?: ) అని వ్రాయాలి. కనుక గణాలు గ్రాహకాలు, అగ్రాహకాలు అని రెండు తెగలు. ఇక ప్రశ్నార్థకం ? తనకు ముందున్నదానిని వైకల్పికం చేస్తుంది. ముందున్నది గణమైతే గణమంతయు వైకల్పికమగును.

వివరణకై ఒక పంక్తిని కల్పించుకొందాము. ఇది ఏ తాళపత్రంలోనిదీ కాదు.

శక 1709 ప్లవంగ నామ సంవత్సర చైత్ర శుద్ధ 5 శనివారం

శకవర్షానికి 78 కలిపినచో, సంవత్సరాంతపు నెలలలో 79 కలిపినచో, క్రీస్తుశకం లభిస్తుందన్నది తెలిసినదే. 1709 శకవర్షం 1787-88కి సరిపోతుంది. దక్షిణాది గణన ప్రకారం అది ప్లవంగయే. ఈ పంక్తి నుండి శకవర్షాన్ని తీయవలెననుకొన్న వారికి మొదట తోచే నమూనా ఇది:

(?:శక )?([0-9]+)

‘శక’ అన్న మాట ఉండవచ్చును, లేకపోవచ్చును. అంకెలు మాత్రం ఉండవలెనని దీని భావం. పై పంక్తిమీద ప్రయోగించినచో 1709 వస్తుంది. పరీక్షించినవారు తృప్తిపడి దీనిని సూచిక మొత్తానికి వర్తింపజేస్తారు. అక్కడ ‘ప్లవంగ నామ సంవత్సర చైత్ర శుద్ధ 5’ అని శకవర్షం లేని పంక్తి వచ్చినదనుకొందాము. నమూనా ‘శక’ను విడిచిపెట్టుతుంది, అందుకు దానికి అనుమతి ఉన్నది. తరువాత మొదట కనబడిన అంకెను, అనగా తిథిని, శకవర్షంగా గ్రహిస్తుంది. గ్రంథం కాలం క్రీ.శ. 83 అని తేలుతుంది. ఇది హాస్యాస్పదం కనుక ఎవరో ఒకరు గుర్తించక మానరు. గుర్తించలేనిది మరొకటి ఉన్నది. దక్షిణదేశపు రెవిన్యూ వ్యవహారంలో ఫసలీ సంవత్సరం రూఢమై ఉన్నది. దానికి 590 కలిపినచో క్రీస్తుశకం వస్తుంది. ‘ఫసలీ 1197’ అని వ్రాసిన గ్రంథం 1787-88 నాటిది. పై నమూనా ‘ఫసలీ’ని పట్టించుకొనదు, 1197ను శకవర్షంగా తీసుకొంటుంది. 1197 శకవర్షమనగా క్రీ.శ. 1275. పద్దెనిమిదవ శతాబ్ది చివరి ప్రతి కాకతి రుద్రమదేవి పాలనాకాలానికి చేరుతుంది! ఇది చూడగానే అసంభవమని తోచే అంకె కాదు. సూచికలో నిశ్శబ్దంగా నిలిచిపోయి, దానిని నమ్మిన పరిశోధకుని మరొక వ్యాసంలోనికి ప్రవేశిస్తుంది.

దోషం ఎక్కడ ఉన్నది? గుర్తును వైకల్పికం చేసి, విలువను నిత్యం చేయడంలో ఉన్నది. శకవర్షం లేని పంక్తిలో లేనిది ‘శక’ అన్న మాట మాత్రమే కాదు. మాట, అంకె కలిసి ఒక అంగంగా లేవు. వైకల్పికత్వం ఆ అంగమంతటికీ చెందవలసినది. సరియైన రూపం ఇది:

(?:శక ([0-9]+) )?

బయటి గణం అగ్రాహకం, వైకల్పికం. లోపలి గణం గ్రాహకం, బయటిదానిలో నిత్యం. బయటిది ఉన్నచో లోపలిది తప్పక ఉంటుంది. బయటిది లేనిచో లోపలిదీ లేదు. ‘శక’ అన్న మాట విలువలో చేరదు, కాని విలువకు సాక్ష్యంగా నిలుస్తుంది. విలువలను తీసే వైకల్పిక గణాలలో నూటికి తొంబది ఈ కూర్పులోనే ఉండవలెనని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఈ పద్ధతిని అనుసరించి పంక్తి మొత్తానికి నమూనా కట్టవచ్చును:

^(?:శక ([0-9]+) )?([^ ]+) నామ సంవత్సర ([^ ]+) (శుద్ధ|బహుళ) ([0-9]+)(?: (ఆది|సోమ|మంగళ|బుధ|గురు|శుక్ర|శని)వారం)?$

శకవర్షం, వారం వైకల్పికాలు, తక్కినవి నిత్యాలు. వారాల పేర్లను ఏకరువు పెట్టడమెందుకు, ‘వారం’ ముందున్న మాటను తీసుకొన్నచో చాలదా అని అడుగవచ్చును. చాలదు. ‘పరివారం’ అన్న మాట తగిలినచో ‘పరి’ అన్న కొత్త వారం పుట్టుతుంది.

ఈ నమూనా చివరనున్న $ను అలంకారప్రాయంగా భావించరాదు. అది తొలగించి, ‘మందవారం’ అని ముగిసే పంక్తిమీద ప్రయోగించి చూడవలెను. శనివారానికి మందవారమనీ, స్థిరవారమనీ పేర్లున్నవి. ఇవి మన జాబితాలో లేవు. $ లేని నమూనా తిథి వరకు సరిపోల్చుకొని, వారం గణాన్ని ప్రయత్నించి, సరిపోక విడిచిపెట్టి, ‘సరిపోయినది, వారం లేదు’ అని చెప్పుతుంది. వారం ఉన్నది, యంత్రం లేదన్నది. $ ఉన్నచో తిథి తరువాత పంక్తి ముగియవలెను, లేదా గుర్తించిన వారంతో ముగియవలెను. మందవారం ఈ రెండింటిలోనూ చేరదు. నమూనా మొత్తం విఫలమవుతుంది. అట్టి పంక్తులను వేరుచేసి చూచినచో, జాబితాలో భానువారం, ఇందువారం, భౌమవారం, సౌమ్యవారం, భృగువారం మొదలైనవి చేర్చవలెనని తెలుస్తుంది. వైఫల్యం బయటికి కనబడుతుంది, విడిచివేత కనబడదు. వైకల్పిక గణమున్న నమూనాలో ఆద్యంతాల కట్టుబాటు అందుకొరకే.

వారం పోయినంత మాత్రాన వచ్చే నష్టమేమి అని అనుకొనరాదు. శకవర్షం లేని పుష్పికలో ప్లవంగ అన్న పేరు అరువది ఏండ్లకు ఒకసారి మరల వస్తుంది: 1727, 1787, 1847, 1907. లిపినిబట్టి, ఆకునుబట్టి ఒకటి రెండింటిని త్రోసిపుచ్చగలిగినా, మిగిలినవాటి మధ్య నిర్ణయానికి వారమే ఆధారం. ఒకే తిథి ఆయా సంవత్సరాలలో సాధారణంగా వేర్వేరు వారాలలో పడుతుంది. స్యూవెల్, శంకర బాలకృష్ణ దీక్షిత్ 1896లో ప్రకటించిన గ్రంథం, స్వామికన్ను పిళ్ళై 1922లో వెలువరించిన పంచాంగ పట్టికలు ఈ పరీక్షకు తోడ్పడినవి. తిథివారాల సంవాదమే శాసనాల కాలనిర్ణయానికి కూడ గీటురాయి. యంత్రం ఆ వారాన్ని జారవిడిచినచో పట్టికలున్నా ప్రయోజనం లేదు.

ఇప్పుడు వారం పేరు శిథిలమై ‘వారం’ మాత్రం మిగిలిన పంక్తిని పరిశీలిద్దాము. పరిష్కర్త దానిని ‘శుద్ధ 5 వారం’ అని ఎత్తి వ్రాసినాడనుకొందాము. పై నమూనా దీనిమీద విఫలమవుతుంది. పేరును కూడ వైకల్పికం చేయవలెను. అందుకు రెండు మార్గాలున్నవి. జాబితాను మూడు పేర్లకు కుదించి చూపుతున్నాను.

(?: (సోమ|శుక్ర|శని)?వారం)?

(?: ((?:సోమ|శుక్ర|శని)?)వారం)?

మొదటిదానిలో ప్రశ్నార్థకం గ్రాహక గణానికి బయట ఉన్నది. రెండవదానిలో లోపల ఉన్నది. రెండూ ఒకే పంక్తులకు సరిపోతాయి. ‘శనివారం’ వచ్చినప్పుడు రెండూ ‘శని’నే ఇస్తాయి. భేదం పేరు లేనప్పుడు బయటపడుతుంది. మొదటి నమూనాలో గ్రాహక గణం ప్రవర్తించనే లేదు. దాని విలువ ‘లేదు’. రెండవదానిలో గ్రాహక గణం ప్రవర్తించినది, దాని లోపల ఏమీ దొరకలేదు. దాని విలువ శూన్యమైన పదం. మొదటిదానిని అగ్రహణమనీ, రెండవదానిని శూన్యగ్రహణమనీ పిలువవచ్చును.

వ్యాకరణం చదివినవారికి ఈ భేదం కొత్తగా తోచదు. పాణిని 1.1.60 సూత్రంలో లోపాన్ని అదర్శనంగా నిర్వచించినాడు. కనబడకపోవడమే లోపం, పుట్టకపోవడం కాదు. ప్రత్యయం లోపించినా తన్నిమిత్తమైన కార్యం నిలుస్తుందని 1.1.62 చెప్పుతున్నది. ‘అగ్నిచిత్’ అన్న రూపంలో క్విప్ ప్రత్యయం పూర్తిగా లోపించినది, ఒక్క వర్ణమైనా మిగులలేదు. అయినా దానిని నిమిత్తంగా చేసికొని తుగాగమం వచ్చినది. ప్రత్యయం వచ్చి పోయిన చోటు, ప్రత్యయమే రాని చోటు పైకి ఒకే విధంగా కనబడినా శాస్త్రదృష్టిలో ఒకటి కావు. అంతేకాక లుక్, శ్లు, లుప్ అన్న పేర్లతో జరిగే అదర్శనంలో అంగకార్యం నిలువదని 1.1.63 వేరుచేయడం గమనార్హం. లేమిలో తరగతులున్నవని, వాటికి వేర్వేరు పేర్లుండవలెనని ఆ శాస్త్రకారుడు గుర్తించినాడు. పోలికను ఇంతకు మించి సాగదీయడం మంచిది కాదు; పాణినీయం యంత్రానికి పూర్వరూపమని చెప్పే ఉత్సాహం ఈ వ్యాసకర్తకు లేదు.

పుష్పికల విషయంలో ఫలితం ఏమనగా, రెండవ నమూనా మూడు స్థితులను విడదీసి చూపుతుంది. పేరు దొరికినచో పేరు. వారం వ్రాసినా పేరు శిథిలమైనచో శూన్యపదం. వారమే వ్రాయనిచో అగ్రహణం. మొదటి నమూనాలో చివరి రెండు స్థితులు కలిసిపోతాయి. సూచికలో ‘వారం పేర్కొనలేదు’ అనడానికీ, ‘వారం శిథిలం’ అనడానికీ ఎంత అంతరమున్నదో వేరే చెప్పనక్కరలేదు. రెండవదాని విషయంలో మరొక ప్రతిని గాని, మూలపు ఆకును గాని తిరిగి చూడవలసిన పని ఉన్నది. మొదటిదాని విషయంలో ఆ పని లేదు.

నమూనా సరిగా కట్టినా, ఫలితాన్ని అందించే భాష ఈ భేదాన్ని చెరపివేయవచ్చును. పైథాన్‌లో పోలికను నిలిపి ఉంచి ఒక్కొక్క గణాన్ని అడిగినచో అగ్రహణానికి ‘నన్’ అన్న ప్రత్యేక విలువ వస్తుంది. జావాస్క్రిప్ట్‌లో ‘అన్‌డిఫైన్డ్’ వస్తుంది. కాని అదే పైథాన్‌లో, సరిపోయినవాటినన్నింటినీ ఒకేసారి పట్టికగా ఇచ్చే ‘ఫైండాల్’ అన్న సాధనం అగ్రహణాన్ని కూడ శూన్యపదంగానే ఇస్తుంది. గో భాషలో గ్రహణాలను పదాలుగా అడిగినచో రెండింటికీ శూన్యపదమే. స్థానాలను అడిగినప్పుడు మాత్రమే అగ్రహణానికి -1 వచ్చి భేదం తెలుస్తుంది. ఇక కొందరు ప్రోగ్రాము వ్రాసేవారు విలువ లేనిచో 0 అని నింపుతారు. శకవర్షపు గడిలో 0 చేరినచో దానికి 78 కలిపి క్రీ.శ. 78 అని అచ్చువేయడానికి యంత్రం సంకోచించదు. సూచికను తయారుచేయించే సంస్థలు ఈ ఒక్క విషయాన్ని ముందుగా అడిగి తెలుసుకొనవలెను.

వికల్పంలో మరొక సూక్ష్మమున్నది. ‘ఉండవచ్చును, ఉండకపోవచ్చును’ అన్నప్పుడు రెండు పక్షాలూ సమానమా, లేక ఒకదానికి మొగ్గున్నదా? క్లీనీ సిద్ధాంతంలో ఈ ప్రశ్నకు తావు లేదు. ఒక పదం ఆ నమూనాకు చెందుతుందా, చెందదా అన్నదే అక్కడి విచారం. ఏ మార్గంలో చెందినదన్నది అనవసరం. కాని గ్రహణం కావలెనన్నచో మార్గం తెలియక తప్పదు. ఉదాహరణకు:

^([0-9]+)?([0-9]+)$

అన్న నమూనాను 15 మీద ప్రయోగించినప్పుడు, మొదటి గణం 1, రెండవది 5 తీసికొనవచ్చును. లేదా మొదటిది ఏమీ తీసికొనక రెండవది 15 తీసికొనవచ్చును. రెండు విభాగాలూ నమూనాకు సమ్మతమే. పెర్ల్, పైథాన్, జావాస్క్రిప్ట్‌లలో ప్రశ్నార్థకానికి భావపక్షం మీద మొగ్గు ఉన్నది. గణం ఉన్నదని ముందుగా ప్రయత్నిస్తుంది. తరువాతి భాగానికి అడ్డు వచ్చినప్పుడు వెనుకకు తగ్గుతుంది. కనుక 1, 5 అన్నదే ఫలితం. దీనికి విపరీతమైన చిహ్నం ?? అని జంట ప్రశ్నార్థకం. ఇది 1994లో వెలువడిన పెర్ల్ అయిదవ రూపంతో ప్రచారంలోనికి వచ్చినది. దీనిలో మొగ్గు అభావపక్షం మీద ఉన్నది. గణాన్ని విడిచి చూస్తుంది, అట్లు కుదరనిచో మాత్రమే తీసికొంటుంది. పై నమూనాలో దీనిని వాడినచో మొదటి గణానికి అగ్రహణం, రెండవదానికి 15.

ఇది చదువుతున్న వైయాకరణులకు ఒక చర్చ స్ఫురించక మానదు. అష్టాధ్యాయిలో వికల్పాన్ని చెప్పడానికి వా, విభాషా, అన్యతరస్యామ్ అన్న మాటలు కనబడుతున్నవి. సంప్రదాయం వీటిని పర్యాయాలుగా గ్రహించినది. 1979లో పాల్ కిపార్‌స్కీ ప్రకటించిన గ్రంథం దీనిని ప్రశ్నించినది. ‘వా’ అన్నచోట కార్యం జరగడమే ప్రశస్తమనీ, ‘విభాషా’ అన్నచోట జరగకపోవడమే ప్రశస్తమనీ, ‘అన్యతరస్యామ్’ అన్నచోట రెండూ సమానమనీ ఆయన వాదం. దీనిని అందరూ అంగీకరించలేదు. ఆ వివాదాన్ని తేల్చడం ఇక్కడి పని కాదు. ఆయన చెప్పిన మూడు అర్థాలలో మొదటిది ఒంటి ప్రశ్నార్థకానికి, రెండవది జంట ప్రశ్నార్థకానికి చక్కగా సరిపోవడం మాత్రం ఆసక్తికరం. మూడవదానికి యంత్రంలో చిహ్నం లేదు. ఉండడానికి వీలు కూడ లేదు. విలువను చేతికి ఇవ్వవలసిన యంత్రం ఏదో ఒక పక్షాన్ని ముందు చూడక తప్పదు. వైయాకరణుడు రెండు రూపాలనూ సాధువులని చెప్పి ఊరకుండవచ్చును. ‘ఏమంటివి’, ‘ఏమియంటివి’ రెండూ ఒప్పునని చిన్నయసూరి సంప్రదాయంలో చెప్పి విద్యార్థిని పంపివేస్తాము. సూచికలోని గడి ఒక్క విలువనే పుచ్చుకొంటుంది.

ఈ మొగ్గును మరచిపోవడం వలన కలిగే ప్రమాదాలలో అతి సామాన్యమైనది చుక్క, నక్షత్రాల జంట. .* అనగా ఏదైనా, ఎంతైనా అని అర్థం. పుష్పికలో మధ్యభాగం మనకు అక్కరలేదు, చివరి వారం మాత్రం కావలెను అనుకొన్నవారు ఇట్లా వ్రాస్తారు:

^.*(?: (సోమ|శుక్ర|శని)వారం)?$

ఈ నమూనా ప్రతి పంక్తికీ సరిపోతుంది, ఏ పంక్తి నుండీ వారాన్ని తీయదు. ముందున్న నక్షత్రం పంక్తినంతటినీ మింగివేస్తుంది. చివర మిగిలిన వైకల్పిక గణం ఏమీ లేకున్నా తృప్తిపడుతుంది. వెనుకకు తగ్గవలసిన నిర్బంధం ఎవ్వరికీ లేదు. నక్షత్రం తరువాత ప్రశ్నార్థకం చేర్చి .*? అన్నచో అది అల్పగ్రాహి అవుతుంది, అడుగడుగునా ఆగి వైకల్పిక గణానికి అవకాశమిస్తుంది, శనివారం దొరుకుతుంది. అయినా ఈ రూపాన్ని ఈ వ్యాసకర్త సిఫారసు చేయడు. మందవారం వచ్చినప్పుడు ఆ .*? అన్నది పంక్తి చివరి వరకు సాగి, ‘వారం లేదు’ అని చెప్పివేస్తుంది. $ ఉన్నా కాపాడదు. పంక్తిలోని ప్రతి అంగానికీ చోటు చూపే దీర్ఘమైన నమూనా చూడడానికి వికారంగా ఉన్నా, అదే నమ్మదగినది.

తెలుగు పాఠాలకు ప్రత్యేకమైన విషయమొకటి చెప్పవలసి ఉన్నది. ప్రశ్నార్థకం తనకు ముందున్నదానిని వైకల్పికం చేస్తుందన్నాము. తెలుగులో ముందున్నది ఏది? మనకు అక్షరం, యంత్రానికి యూనికోడ్ సంకేతం. ‘శుద్ధ’ అన్నది మనకు రెండక్షరాలు. యంత్రానికి అయిదు సంకేతాలు: శకారం, ఉకారపు కొమ్ము, దకారం, పొల్లు, ధకారం. కనుక శుద్ధ? అని వ్రాసినచో చివరి ధకారం మాత్రమే వైకల్పికమవుతుంది. పొల్లుతో ముగిసే ‘శుద్’ అన్న రూపానికి సరిపోతుంది తప్ప, పంచాంగాలలో వాడే ‘శు’ అన్న సంక్షేపానికి సరిపోదు. అట్లే ‘వారము?’ అన్నచోట వైకల్పికమైనది మువర్ణం కాదు, కొమ్ము మాత్రమే. ఒక అక్షరమైనా సరే, తెలుగులో వైకల్పికమైనదానిని గణంగా కట్టి తీరవలెను:

(శు(?:ద్ధ)?|బ(?:హుళ)?)

వార(?:ము|ం)

మొదటిది శు, శుద్ధ, బ, బహుళ అన్న నాలుగు రూపాలను గ్రహిస్తుంది. రెండవదానిలో ప్రశ్నార్థకం లేకపోవడం గమనింపదగినది. ‘వారము’, ‘వారం’ అన్న రెండింటిలో ఒకటి నిత్యంగా ఉండవలెను. ఇక్కడ కావలసినది రూపభేదమే కాని లేమి కాదు. ఈ రెండింటినీ ఒకటిగా భావించి ప్రతిచోటా ప్రశ్నార్థకం వేయడం ఆరంభదశలోని విద్యార్థులలో తరచుగా కనబడుతుంది. అరసున్నలు వ్రాసిన పాఠాలలో మాత్రం అది ఒంటి సంకేతం కనుక గణం లేకున్నా బాధ లేదు.

ఎన్ని గణాలు కట్టినా లొంగని పంక్తులు మిగులుతాయి. బహుళమన్న మాటకు మన వ్యాకర్తలు చెప్పే నాలుగు అర్థాలలో ప్రవృత్తి, అప్రవృత్తి, వికల్పం పోగా, చివరిదైన ‘వేరొకటి కావడం’ వీటికి సరిపోతుంది. శకవర్షాన్ని అంకెలతో కాక భూతసంఖ్యలతో చెప్పిన పుష్పికలు ఇట్టివి. ‘నంద ఖ శైల చంద్ర’ అని లేఖకుడు వ్రాసినచో, తొమ్మిది, సున్న, ఏడు, ఒకటి అని గుర్తించి, కుడి నుండి ఎడమకు చదివి 1709 అని గ్రహించవలెను. పై దీర్ఘ నమూనా ఇట్టి పంక్తిమీద విఫలమవుతుంది, విఫలం కావడమే న్యాయం. ఆ పంక్తులను వేరొక పట్టికలో చేర్చి, పుష్పికను పూర్తిగా ఎత్తి వ్రాసి, శకవర్షపు గడిని ఖాళీగా గాక ‘చదువవలసినది’ అన్న గుర్తుతో ఉంచవలెను. భూతసంఖ్యల నిఘంటువును నమూనాలో చేర్చి యంత్రంచేత చదివించడం సాధ్యమే. అయితే ‘రస’ శబ్దం ఆరుకూ తొమ్మిదికీ, ‘సముద్ర’ శబ్దం నాలుగుకూ ఏడుకూ ప్రయోగంలో ఉన్నందున, రెండు విలువలనూ గ్రహించి, సంవత్సర నామంతో సరిచూచి ఒకదానిని నిలుపవలసి ఉంటుంది. అది నమూనా చేయగల పని కాదు; గ్రహణం ముగిసిన తరువాత ప్రారంభమయ్యే పని.